అంచు ముందే అనుకోవాలి



ఎలక్ట్రిక్ గిటార్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది దాని ఒళ్ళు. నిగనిగలాడే ఎరుపో నలుపో రంగు, దాని మీద నాలుగు గుండీలు, వెనకాల ఆంప్లిఫయర్‌కు పోయే వైరు. కానీ వాయించేవాళ్ళ ఎడమచెయ్యి ఉండేది ఒంటి మీద కాదు, నెక్ మీద. వీణకు దండి ఎలాగో గిటార్‌కు నెక్ అలాగ. బొటనవేలు దాని వీపున ఆనుతుంది, మిగతా వేళ్ళు మెట్ల మీద నడుస్తాయి, అరచెయ్యి దాని పక్కన రాసుకుంటూ పైకీ కిందికీ పోతుంది. ఒక గిటార్ మన చేతికి ఒదుగుతుందా లేదా అని తేలేది అక్కడే. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ నెక్ తయారీ గురించి, అందులోనూ దాని రెండు పక్కలా మీగడ రంగులో సన్నగా కనిపించే ఒక పట్టీ గురించి.

గిటార్ వాళ్ళు దాన్ని బైండింగ్ అంటారు. మనం అంచు అనుకుందాం. దాని మందం సాధారణంగా ఒకటిన్నర మిల్లీమీటర్లు. చూసినవాళ్ళు అది సోకు అనుకుంటారు. సోకే, కాదనను. అయితే ఈ సోకు కావాలి అని నిశ్చయించుకున్న నిమిషం నుంచి నెక్‌లోని కొలతలన్నీ దాని మాట వినాల్సి వస్తుంది. నేతగాడు చీరంతా నేసి, ఆ తర్వాత అంచు తెచ్చి కుట్టడు కదా. పడుగు సిద్ధం చేసేటప్పుడే అంచు దారాలను లెక్కలో వేసుకుంటాడు. గిటార్ నెక్‌కు అంచు కట్టడమూ అంతే. దీన్ని చివర్లో చేసే అలంకరణగా తలిచినవాళ్ళకు పని మధ్యలో దారి మూసుకుపోతుంది. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. గట్టి కర్ర ఒంటితో చేసిన ఎలక్ట్రిక్ గిటార్లు అమెరికాలో 1950 తర్వాత పెద్ద ఎత్తున బజారుకొచ్చాయి. అప్పటి నుంచే నెక్ విషయంలో రెండు దారులు. ఒకటి కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊరిది. అక్కడి లియో ఫెండర్ అంతకుముందు రేడియోలు బాగుచేసే దుకాణం నడిపిన మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు. పాడైన భాగాన్ని విప్పి కొత్తది బిగించడం రేడియో పనిలో అలవాటైన పద్ధతి. గిటార్‌నూ ఆయన అలాగే చూశాడు. ఒకే మేపుల్ ముక్కను నెక్‌గా చెక్కి, దాని మీదే మెట్లు దిగ్గొట్టి, నాలుగు మరలతో ఒంటికి బిగించాడు. 1951లో టెలికాస్టర్ అని పేరు పెట్టుకున్న గిటార్ నెక్ అలాంటిదే, 1954 నాటి స్ట్రాటోకాస్టర్ నెక్ అలాంటిదే. అంచు లేదు, ముత్యపుచిప్ప లేదు, నల్లటి చుక్కలు మాత్రం ఉన్నాయి.

రెండో దారి మిషిగన్ రాష్ట్రంలో కాలమజూ అనే ఊరిది. ఆర్విల్ గిబ్సన్ పేరుతో 1902లో మొదలైన కంపెనీ అక్కడ మాండొలిన్లు, పొట్ట ఉబ్బెత్తుగా చెక్కిన గిటార్లు చేసేది. వాళ్ళది ఫిడేలు చేసేవాళ్ళ సంప్రదాయం. ఒంటి అంచులకు పట్టీ కట్టడం, నెక్‌ను జిగురుతో ఒంట్లోకి దింపడం వాళ్ళకు మొదటి నుంచీ ఉన్న అలవాటు. 1952లో వాళ్ళు లెస్ పాల్ గిటార్ తెచ్చినప్పుడు ఎలక్ట్రిక్ గిటార్‌కు కూడా ఆ అలవాటే పట్టుకొచ్చారు. 1954 వచ్చేసరికి ఆ ఒక్క ఫ్యాక్టరీలోనే రెండు కొసలూ కనిపిస్తాయి. లెస్ పాల్ జూనియర్ అని ఒకటి, నేర్చుకునే పిల్లల కోసం: బల్లపరుపు ఒళ్ళు, చుక్కల గుర్తులు, అంచన్నదే లేదు. లెస్ పాల్ కస్టమ్ అని ఇంకొకటి: ఒళ్ళంతా నలుపు, ఎబొనీ పలక, దాంట్లో ముత్యపుచిప్ప బిళ్ళలు, తెలుపూ నలుపూ పొరలు పేర్చిన అంచులు. రెండూ మహాగని కర్రే. రెండూ పలికేవే. ధరలో మాత్రం చాలా తేడా. ఆ తేడాలో కొంత ఎలక్ట్రిక్ సామానుది, కొంత ఎబొనీది, మిగిలినదంతా చేతిపనిది. అంచు కట్టడానికి పట్టే గంటలకు అప్పుడూ ఖరీదు కట్టారు, ఇప్పుడూ కడుతున్నారు.

ఫెండర్ వాళ్ళు కూడా ఆ తర్వాత ఇటు తిరిగారు. 1959లో టెలికాస్టర్ కస్టమ్ ఒంటికి అంచు కట్టారు. 1960ల మధ్యలో జాజ్‌మాస్టర్, జాగ్వార్ నెక్‌లకూ కట్టారు. మరలతో బిగించిన నెక్‌కు అంచేమిటని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, చేతికి హాయిగా ఉంటుందని జవాబు చెప్పవచ్చు. అది నిజం కూడా.

ఇక కర్ర దగ్గరికి వద్దాం. అంచు కట్టే నెక్ అంటే రెండు ముక్కలు. వెనక చేతికి ఆనేది ఒకటి, మేపుల్ గానీ మహాగని గానీ. దాని మీద అతికించే, మెట్లు దిగే పలక ఇంకొకటి. ఆ పలకకు లోకంలో ఎక్కువగా వాడే కర్రల్లో ఒకటి మన దేశపు రోజ్‌వుడ్. మన అడవుల్లో ఇరుగుడు అనీ జిట్రేగి అనీ పిలిచే చెట్టు అది. ఊదారంగు కలిసిన ముదురు గోధుమ చేవ, సహజమైన నూనె ఉన్న కర్ర. చిత్రిక పడుతుంటే తియ్యటి వాసన వస్తుంది. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992లో అంతర్జాతీయ వాణిజ్యానికి దాదాపు మూతపడింది. ఆ తర్వాత 2017 జనవరిలో రోజ్‌వుడ్ ప్రజాతి చెట్లన్నిటి మీదా, ప్రమాదంలో ఉన్న జీవుల వాణిజ్యాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం నియంత్రణ వచ్చింది. దాంతో ఒక గిటార్ దేశం దాటాలంటే కాగితాలు కావలసి వచ్చాయి. 2019 చివర్లో, బ్రెజిల్ రోజ్‌వుడ్‌వి తప్ప, పూర్తయిన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. పచ్చి దుంగకు మాత్రం ఇప్పటికీ నియమాలు ఉన్నాయి, ఉండాలి. పెరగడానికి తరాలు పట్టే చెట్టు అది. ఒక పలకకు కావలసింది సుమారు అర మీటరు పొడవు, ఏడు సెంటీమీటర్ల వెడల్పు, తొమ్మిది మిల్లీమీటర్ల మందం. అంత చిన్న ముక్కను సరిగ్గా ఎంచుకోవడం, వృథా చేయకపోవడం మన చేతిలో పని. నారలు అడ్డదిడ్డంగా పరిగెత్తే ముక్క ఎంత అందంగా ఉన్నా నేను పక్కన పెడతాను. నారలు తిన్నగా, పలక పొడవునా సాగాలి.

నెక్ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. ఆరు తీగలు శ్రుతికి బిగించాక కలిసి 40 నుంచి 45 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడుకు కర్ర ముందుకు వంగుతుంది. దాన్ని సరిదిద్దే కడ్డీకి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనే ఆయన 1923లో పేటెంట్ పొందాడు. అప్పటి నుంచి సన్నని నెక్ సాధ్యమైంది. కడ్డీ కోసం ఆరు మిల్లీమీటర్ల గాడి తీసి, దాన్ని కూర్చి, మీద పలక అతికిస్తాం. దీని గురించి ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఈ రోజుల్లో మంచి కడ్డీలు కొనుక్కోవచ్చు.

మెట్ల దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. వీణ మెట్లు మైనం మీద కూర్చుంటాయి. మేళం కట్టే మనిషి చెవితో విని ఒక్కో మెట్టునూ జరుపుతాడు, తేడా వస్తే కొన్నేళ్ళకు మళ్ళీ మేళం కట్టిస్తారు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. రంపంతో ఒకసారి కోశామంటే ఆ చోటు ఖాయం. అందుకని లెక్క ముందు, రంపం తర్వాత. తీగ పొడవును 17.817 తో భాగిస్తే మొదటి మెట్టు చోటు వస్తుంది. మిగిలిన పొడవును మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. ఇలా పోతూపోతూ 12వ మెట్టు సరిగ్గా సగం పొడవులో పడాలి. పడకపోతే ఎక్కడో తప్పిందని అర్థం. తీగ పొడవు 628 మిల్లీమీటర్లు అనుకుంటే మొదటి మెట్టు, నెక్ కొసన తీగలు ఆనే నట్ అనే దిమ్మ నుంచి 35 మిల్లీమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. 12వది 314 దగ్గర. 21కీ 22కీ మధ్య పదిన్నర మిల్లీమీటర్లే మిగులుతాయి. కోత వెడల్పు అర మిల్లీమీటరు కంటే కొద్దిగా ఎక్కువ. లోహపు మెట్టుకు అడుగున ఒక సన్నటి కాలు ఉంటుంది, అది ఆ కోతలోకి బిగువుగా దిగి నిలవాలి. కోత వదులైతే మెట్టు ఊగుతుంది, మరీ బిగువైతే ఇరవై రెండు మెట్లూ మేకుల్లా పనిచేసి నెక్‌ను వెనక్కి వంచేస్తాయి.

ఇక్కడ మొదలవుతుంది అంచు పెత్తనం. పలక ఇంకా దీర్ఘచతురస్రంగా ఉండగానే కోతలన్నీ కొయ్యాలి. మూలమట్టం ఆనడానికి తిన్నటి పక్క అప్పుడే దొరుకుతుంది. ఆ తర్వాత పలకను నట్ వైపు సన్నగా, ఒంటి వైపు వెడల్పుగా వాలుగా చిత్రిక పడతాం. నట్ దగ్గర నెక్ వెడల్పు 43 మిల్లీమీటర్లు కావాలనుకోండి. అంచు లేకపోతే పలక కూడా 43. అంచు ఉంటే పలక 40 మాత్రమే, ఆ పక్క ఒకటిన్నర ఈ పక్క ఒకటిన్నర అంచుది. 12వ మెట్టు దగ్గర 52 కావాలంటే పలక 49. వెనకున్న నెక్ కర్ర మాత్రం పూర్తి వెడల్పులో ఉంటుంది, అంచు పట్టీ దాని మీద కాలు మోపి నిలుస్తుంది. కొన్న పట్టీల మందం అన్నీ ఒకేలా ఉండవు. నేను వెర్నియర్‌తో ఒక్కో పట్టీని మూడు నాలుగు చోట్ల కొలుస్తాను. పట్టీ మందంలో తేడా ఉంటే అది చివరికి నెక్ వెడల్పులో తేలుతుంది.

ఒకసారి ఒక కుర్రాడు నెక్ చేయించుకోవడానికి వచ్చాడు. "అన్నా, ఇప్పుడు డబ్బులు చాలట్లేదు. ముందు నెక్ చేసిచ్చెయ్యండి, అంచు వచ్చే సంవత్సరం పెట్టించుకుంటాను" అన్నాడు. "అలా కుదరదు తమ్ముడూ. అంచు తర్వాత పెట్టాలంటే మెట్లన్నీ పీకాలి, పలక రెండు పక్కలా కోసి సన్నం చెయ్యాలి, మళ్ళీ కొత్త మెట్లు దింపాలి. దానికంటే కొత్త నెక్ చేయడం సులువు" అన్నాను. అతను కాసేపు ఆలోచించి అంచు లేకుండానే చేయించుకున్నాడు. ఆ డబ్బుతో కర్ర ఇంకాస్త మంచిది తీసుకున్నాడు. నా దృష్టిలో అది చాలా మంచి నిర్ణయం. అంచు లేని నెక్ తక్కువదేమీ కాదు. సగంలో మనసు మార్చుకున్న నెక్‌తోనే తంటా.

పట్టీ దేనితో చేస్తారంటారా? పాత గిటార్లలో అయితే సెల్యులాయిడ్. ఏనుగు దంతంతో బిలియర్డ్ బంతులు చేసే రోజుల్లో దంతానికి బదులుగా ఏదైనా కనిపెట్టాలని అమెరికాలో జాన్ వెస్లీ హయ్యట్ అనే ఆయన ప్రయత్నించి 1870లో సెల్యులాయిడ్‌కు పేటెంట్ పొందాడు. నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపితే వచ్చే పదార్థం అది. ఆ కర్పూరం ఎక్కడికీ పోదు. పాత పట్టీని బ్లేడుతో గీకి చూడండి, గదిలో హారతి ఇచ్చినట్టు వాసన వస్తుంది. కర్పూరంలాగే భగ్గున అంటుకుంటుంది కూడా, దాని పొడి దగ్గర అగ్గిపుల్ల గియ్యకూడదు. దంతంలోని సన్నటి గీతలను అనుకరిస్తూ చేసిన పట్టీలు కూడా ఉన్నాయి, దగ్గరగా చూస్తే పొడవునా లేత చారలు కనబడతాయి. తంజావూరు వీణల అలంకరణలో కూడా ఒకప్పుడు దంతం వాడేవారు, ఇప్పుడు ఆ చోట ప్లాస్టిక్ పలకలు వచ్చాయి. ఏనుగు బతికింది, అందం పోలేదు. ఇది నాకు మనస్ఫూర్తిగా సంతోషం కలిగించే విషయం.

ఈ రోజుల్లో కొత్త పనికి ఎక్కువగా వాడేది ఏబీఎస్ ప్లాస్టిక్. నీటిగొట్టాల్లా, హెల్మెట్లలా గట్టిది, మంటకు సెల్యులాయిడ్ అంత భయం లేదు, రంగు అంతగా పాతబడదు. మేపుల్ బద్దనో రోజ్‌వుడ్ బద్దనో అంచుగా కట్టేవాళ్ళూ ఉన్నారు. నెక్ పక్కలు తిన్నగా ఉంటాయి కాబట్టి ఒంటికి కట్టినప్పుడు వంచినట్టు వేడి గొట్టం మీద బద్దను వంచక్కర్లేదు. చెక్క అంచు చాలా హుందాగా ఉంటుంది. నాకు ఎబొనీ పలకకు మేపుల్ అంచు అంటే ప్రత్యేకమైన ఇష్టం. అంచుకూ పలకకూ మధ్య అర మిల్లీమీటరు నల్ల గీత ఒకటి కలిపితే కాటుక దిద్దిన కళ వస్తుంది. ఆ గీత వేస్తే పలక వెడల్పులోంచి ఇంకో మిల్లీమీటరు తీసెయ్యాలన్నది మాత్రం ముందే గుర్తుండాలి.

అతికించడం చూద్దాం. పలక పక్కలను తిన్నటి గాజు మీద పరిచిన సాండ్ పేపర్ మీద రుద్ది, వెలుతురు కనిపించనంత తిన్నగా చెయ్యాలి. ఒంటి వైపు చివర పట్టీ మూల తిరుగుతుంది, అక్కడ రెండు ముక్కలనూ 45 డిగ్రీల కోణంలో కోసి కలపాలి. ఆ మూల కలిసిన తీరు చూస్తే చేసిన మనిషి ఓపిక తెలిసిపోతుంది. ఏబీఎస్‌కైతే అసిటోన్ కలిసిన జిగురు వాడతారు. అది పట్టీ ముఖాన్ని కొద్దిగా కరిగించి కర్ర నారల్లోకి ఎక్కిస్తుంది. ఎక్కువ రాస్తే పట్టీ మెత్తబడి లోపలికి కుంగుతుంది, తక్కువ రాస్తే రెండేళ్ళకు ఊడుతుంది. పలుచగా రెండు ముఖాలకూ రాసి, పట్టీని చేత్తో లాగిపట్టి, మూడు నాలుగు సెంటీమీటర్లకు ఒక టేపు ముక్క చొప్పున బిగించి కడతాను. టేపు అంటే మామూలుది కాదు, సాగి వెనక్కి లాగే రకం. ఒక రాత్రంతా కదపకూడదు. తొందరపడి తీస్తే లోపల ఆవిరి పోని జిగురు తర్వాత కుంచించుకుని సందు తెరుస్తుంది.

జిగురు ఆరాక పట్టీ పలక కంటే ఎత్తుగా నిలబడి ఉంటుంది. దాన్ని ఉక్కు రేకుతో, గోరుతో తీసినట్టు కొద్దికొద్దిగా గీకి పలక మట్టానికి తేవాలి. నారకు ఎదురు గీకితే పలక లేస్తుంది, అందుకని రేకును ఏటవాలుగా పట్టి బయటి నుంచి లోపలికి కాకుండా పొడవునా లాగాలి. తర్వాత పలకకూ అంచుకూ కలిపి వంపు ఇస్తాం. గిబ్సన్ వాళ్ళ వంపు 12 అంగుళాల వ్యాసార్థం, పాత ఫెండర్‌ది ఏడుంపావు, ఇంకా గుండ్రం. ఆ వంపు చెక్కిన దిమ్మకు సాండ్ పేపర్ అతికించి నిలువునా రుద్దుతాం. పక్కల దగ్గర కర్ర ఎక్కువ తెగుతుంది కాబట్టి కోతల లోతు అక్కడ తగ్గుతుంది. మళ్ళీ రంపంతో లోతు చేద్దామంటే ఇప్పుడు చివర్లు అంచు మూసేసింది. రంపం ముందుకూ వెనక్కీ ఆడే దారి లేదు. కొక్కెం వంటి చిన్న పనిముట్టుతో ఒక్కో కోత గీకి, పేరుకున్న పొడి ఊది, లోతు సరిచేసుకోవాలి. అందుకే మొదట్లోనే పక్కల దగ్గర కోత కొంచెం లోతుగా కోసుకోవడం తెలివైన పని.

ఇప్పుడు మెట్టు కొస సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది.

కాలమజూ పాత పద్ధతిలో ముందు మెట్లు దింపి, వాటి కొసలను పలక పక్కకు సమంగా ఆకురాయితో రాసి, ఆ తర్వాత అంచు కడతారు. అంచును పలక మట్టానికి గీకేటప్పుడు ప్రతి మెట్టు కొస దగ్గరా ఒక చిన్న బుడిపెను మిగిలిస్తారు. మెట్టు వంపు అంచులోకి కొనసాగినట్టు కనిపిస్తుంది. ఇరవై రెండు మెట్లకు నలభై నాలుగు బుడిపెలు, అన్నీ చేత్తో చెక్కినవే. చూడముచ్చటగా ఉంటుంది. అయితే లోహపు మెట్టు అంచు దగ్గరే ఆగిపోతుంది. రెండు పక్కలా కలిపి మూడు మిల్లీమీటర్ల మెట్టు పోయినట్టే.

రెండో పద్ధతిలో మెట్టు తలను అంచు మీదుగా చివరిదాకా తీసుకెళ్తారు. అంచులో కోత ఉండదు కాబట్టి, మెట్టు రెండు కొసల్లోనూ అడుగు కాలును రెండేసి మిల్లీమీటర్లు కత్తిరించి తల మాత్రం ఉంచుతారు. అందుకు ప్రత్యేకమైన కత్తెర ఉంది. కత్తెర వేశాక తల అడుగున చిన్న మొటిక మిగులుతుంది. ఆకురాయితో దాన్ని పూర్తిగా తుడిచెయ్యకపోతే మెట్టు కొస అంచు మీద ఆనదు, వెంట్రుకవాసి ఎత్తుగా నిలుస్తుంది. తీగ అక్కడ బరబరమంటుంది. అంచు పట్టీ రెండు మిల్లీమీటర్లకు మించి మందంగా ఉండకూడదనేది కూడా ఇందుకే. అంతకు మించితే, కింద పట్టు లేని మెట్టు కొస ఎక్కువైపోతుంది.

మన సంగీతం వాయించేవాళ్ళకు నేను రెండో పద్ధతే చెప్తాను. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని లోకమంతా వినేలా చేశారు. చిన్న నెక్, దగ్గర దగ్గర మెట్లు, అయిదు తీగలు. కదలని మెట్ల మీద గమకం పలకాలంటే తీగను జార్చాలి, పక్కకు లాగాలి. అలా లాగే చేతికి మెట్టు మీద ఒక్కో మిల్లీమీటరూ విలువైనదే. గిటార్ మీద కల్యాణిలో గాంధారం ఊపుతున్నప్పుడు సన్నటి పై తీగ బుడిపెకూ మెట్టుకూ మధ్య సందులో చిక్కుకుంటే రాగం అక్కడే తెగిపోతుంది. అందానికి బుడిపె పద్ధతి గొప్పది, ఆ మాట ఒప్పుకుంటాను. పాత గిబ్సన్‌ను దాని పాత రూపంలోనే నిలబెట్టాలనుకునేవాళ్ళు దాన్నే కోరుకోవడం న్యాయం. గమకం వాయించే చేతికి మాత్రం మెట్టు కొసదాకా ఉండాలి.

అంచు ఉపయోగం ఇంకొకటి మన వాతావరణానికి బాగా నప్పేది. కర్ర వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుంటుంది. లోహం కుంచించుకోదు. విశాఖలో సముద్రపు గాలికి హాయిగా ఉన్న గిటార్‌ను ఏప్రిల్‌లో హైదరాబాద్ తెస్తే, అంచు లేని నెక్ పక్కన మెట్ల కొసలు పొడుచుకొచ్చి చెయ్యి గీరుకుంటుంది. అంచు ఉన్న నెక్‌లో కాలు లోపలే ఆగిపోతుంది కాబట్టి ఆ బాధ చాలామటుకు తగ్గుతుంది. కానీ మెట్టు కాలును అంచుకు ఆనేదాకా వదిలితే, కర్ర కుంచించుకున్నప్పుడు ఆ కాలే అంచును లోపలి నుంచి తోస్తుంది. రంగు పూత ప్రతి మెట్టు ఎదురుగా సన్నగా పగులుతుంది. అందుకే కాలును అంచు కంటే అర మిల్లీమీటరు ముందే ఆపి, అక్కడ ఖాళీ వదలాలి. కనిపించని ఆ అర మిల్లీమీటరే నెక్‌ను ఏళ్ళ తరబడి కాపాడుతుంది.

ఇక మిగిలినవి పక్క చుక్కలు. వాయించేవాళ్ళకు పలక మీది ముత్యపుచిప్ప కనబడదు, అది ఎదుటివాళ్ళ కోసం. వాయించేవాళ్ళ కోసం 3, 5, 7, 9, 12 మెట్ల దగ్గర అంచులో రెండు మిల్లీమీటర్ల చుక్కలు ఉంటాయి. మీగడ రంగు అంచులో నల్ల చుక్క చీకటి వేదిక మీద కూడా కనిపిస్తుంది. ముదురు చెక్క అంచు కడితే తెల్ల చుక్క కావాలి, ఆ సంగతి అంచు రంగు ఎంచుకునేటప్పుడే ఆలోచించుకోవాలి. రంగుపూత అయ్యాక అంచు మీద పడ్డ రంగును బ్లేడుతో గీకి తీస్తారు. పెద్ద ఫ్యాక్టరీల్లో సైతం ఇది చేతిపనే.

అంచు ఉన్న పాత గిటార్ కొనేవాళ్ళకు ఒక మాట. పై తీగను, అంటే అన్నిటికంటే సన్నటిదాన్ని, ప్రతి మెట్టు దగ్గరా వేలితో బయటి వైపు కొద్దిగా నెట్టి చూడండి. బుడిపె సందులో చిక్కుకుంటే రిపేరు అవసరం. ఒక చుక్క పలుచటి జిగురుతో ఆ సందు పూడ్చవచ్చు, మెట్లన్నీ మార్చనక్కర్లేదు. మెట్లు అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు బుడిపెలు ఉంచుతారా తీసేస్తారా అని పని అప్పగించకముందే అడగండి. చాలామంది రిపేరు చేసేవాళ్ళు వాటిని తీసేసి కొత్త మెట్లను అంచు మీదుగా వేస్తారు. అది తప్పు కాదు, కానీ మీకు తెలిసి జరగాలి. నట్ దగ్గర, ఒంటి వైపు మూల దగ్గర పట్టీ కుంచించుకుని సందు వచ్చిందేమో చూడండి. పాత సెల్యులాయిడ్‌లో ఇది మామూలే. అలాంటి సందుకు అదే రకం పట్టీ ముక్కలను అసిటోన్‌లో కరిగించి ముద్దలా చేసి నింపుతారు, ఆరాక గీకితే అతుకు కనబడదు. రంగు మాత్రం కలవాలి. మీగడ రంగు ఒక్కో తయారీలో ఒక్కోలా ఉంటుంది. అందువల్ల ఏబీఎస్ అంచు కట్టిన ప్రతి గిటార్‌తోపాటు, ఆ పట్టీలోనే మిగిలిన జానెడు ముక్కను యజమానికి ఇచ్చేస్తాను. ఏ ఊళ్ళో రిపేరు చేయించుకున్నా ఆ ముక్క పనికొస్తుంది. కొత్తగా నెక్ చేయించుకునేవాళ్ళు మీ పనివాణ్ణి అడిగి మరీ ఆ ముక్క తీసుకోండి.